క్లౌడ్ నేర్చుకోవాలా? కొత్త ల్యాప్‌టాప్ కొనకండి, పాతది బయటికి తీయండి

మా చిన్నాన్న కొడుకు ఈ ఏడాదే బీటెక్ పూర్తి చేశాడు. పోయిన నెల ఫోన్ చేసి, "అన్నా, డెవాప్స్ నేర్చుకుందామనుకుంటున్నా. డాకర్, కుబర్నెటీస్ అన్నీ రన్ చేయాలంట. 32 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ ఏది తీసుకోమంటావ్? లక్షా ఇరవై వరకు నాన్న ఓకే అన్నాడు" అన్నాడు.

"ఇంట్లో నీ ఇంటర్ అప్పటి ల్యాప్‌టాప్ ఏమైంది?" అని అడిగా.

"అది 4 జీబీనే అన్నా. విండోస్ ఓపెన్ అవ్వడానికే పావుగంట పడుతుంది. బీరువా మీద పడేశాం."

"అయితే దాన్నే కిందికి దించు" అన్నా. వాడు నేను జోక్ చేస్తున్నా అనుకున్నాడు.

ల్యాప్‌టాప్ రివ్యూ రాసే ప్రతిసారీ ఇదే ప్రశ్న వస్తుంది కాబట్టి, నా అభిప్రాయం ఇక్కడే సూటిగా చెప్పేస్తా. క్లౌడ్ నేర్చుకోవడానికి లక్ష రూపాయల మెషీన్ అక్కర్లేదు. మొదటి రోజే క్లౌడ్ అకౌంట్ తెరిచి నాన్న కార్డ్ నంబర్ ఇవ్వాల్సిన పని కూడా లేదు. క్లౌడ్ అనే మాట వెనక ముఖ్యంగా రెండు సంగతులున్నాయి. ఒకటి లైనక్స్ కంటైనర్లు. రెండోది సాఫ్ట్‌వేర్‌తో గీసే నెట్‌వర్క్, అంటే సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ నెట్‌వర్కింగ్. ఈ రెండూ మీ బీరువా మీద ఉన్న ల్యాప్‌టాప్‌లో ఫ్రీగా దొరుకుతాయి. వాటిని చేత్తో ముట్టుకోకుండా కోర్సు మీద కోర్సు చేసుకుంటూ పోతే, ఏ బటన్ ఎక్కడుందో తెలుస్తుంది గానీ, బటన్ పనిచేయని రోజు ఏం చేయాలో తెలీదు.

మీ జేబులో ఆల్రెడీ ఉంది

ముందు ఫోన్ సంగతి చూద్దాం. మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది లైనక్స్ కెర్నలే. ప్రతి యాప్‌కీ ఒక ప్రత్యేక యూజర్ ఐడీ ఉంటుంది. అందుకే ఒక యాప్ ఇంకో యాప్ ఫైల్స్‌లో వేలు పెట్టలేదు. బ్యాక్‌గ్రౌండ్‌లోకి వెళ్లిన యాప్‌కి సీపీయూ తక్కువ ఇచ్చి, స్క్రీన్ మీద ఉన్న గేమ్‌కి ఎక్కువ ఇచ్చే పని సీగ్రూప్స్ అనే కెర్నల్ ఫీచర్‌తో జరుగుతుంది. కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్లలో, వాడకుండా వదిలేసిన యాప్‌ని చంపకుండా అలాగే గడ్డకట్టించే ఫ్రీజర్ కూడా అందులోదే.

ఫోన్ రివ్యూల్లో మనం "ర్యామ్ మేనేజ్‌మెంట్ బాగుంది" అని రాస్తాం కదా, అందులో ఈ సీగ్రూప్స్ పాత్ర చాలా ఉంది. డాకర్ వాడేదీ ఇదే ఫీచర్. క్రోమ్‌బుక్‌లో లైనక్స్ యాప్స్ నడవడానికి వాడేది కూడా ఒక చిన్న వర్చువల్ మెషీన్ లోపల ఉన్న కంటైనరే. లైనక్స్ ల్యాప్‌టాప్‌లో ఆండ్రాయిడ్ యాప్స్ నడిపే వేడ్రాయిడ్ ఉంది కదా, అది ఎల్ఎక్స్‌సీ అనే కంటైనర్ టెక్నాలజీ మీద నడుస్తుంది. అంటే కంటైనర్ ఎక్కడో డేటా సెంటర్‌లో పుట్టిన వింత జంతువు కాదు, మనం రోజూ చేతిలో పట్టుకుని తిరిగేదే.

ఇండిపెండెంట్ హౌస్, అపార్ట్‌మెంట్

వర్చువల్ మెషీన్ అంటే ఇండిపెండెంట్ హౌస్. దాని పునాది దానిదే, బోరు దానిదే. అంటే పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్, సొంత కెర్నల్. అందుకే స్థలం ఎక్కువ తింటుంది, కట్టడానికి టైమ్ పడుతుంది. కంటైనర్ అంటే అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్. పునాది ఒకటే, బోరు ఒకటే. అదే కెర్నల్. ఫ్లాట్‌కీ ఫ్లాట్‌కీ మధ్య గోడలుంటాయి, ప్రతి ఫ్లాట్‌కీ వాటర్ మీటర్ ఉంటుంది.

ఆ గోడల పేరు నేమ్‌స్పేసెస్. ఒక ప్రాసెస్‌కి ఏం కనిపించాలి, ఏం కనిపించకూడదు అనేది ఇవి చూసుకుంటాయి. ఫైల్స్‌కి ఒకటి, ప్రాసెస్ నంబర్లకి ఒకటి, నెట్‌వర్క్‌కి ఒకటి, యూజర్లకి ఒకటి, ఇలా ఉంటాయి. కంటైనర్ లోపల చూస్తే మీ ప్రోగ్రామ్ నంబర్ 1. బయట నుంచి చూస్తే అదే ప్రోగ్రామ్ ఏ 4,812 అనో కనిపిస్తుంది. ప్రోగ్రామ్ ఒకటే, చూసే కిటికీ వేరు.

ఆ వాటర్ మీటర్ పేరు సీగ్రూప్స్. నీకు మెమరీ ఇంతే, సీపీయూ ఇంతే అని కోత పెట్టేది ఇదే. గూగుల్ ఇంజినీర్లు 2006లో మొదలుపెట్టిన ఈ పని 2008 జనవరిలో వచ్చిన లైనక్స్ 2.6.24లో కలిసింది. మొదటి నేమ్‌స్పేస్ అయితే ఇంకా ముందే, 2002లోనే వచ్చింది. ఎల్ఎక్స్‌సీ 2008లో వచ్చింది. డాకర్ బయటికొచ్చింది 2013లో. అంటే డాకర్ కంటైనర్‌ని కనిపెట్టలేదు. అప్పటికే ఉన్న ముక్కల్ని కలిపి, ఇమేజ్ అనే ప్యాకింగ్ ఇచ్చి, ఎవరైనా ఒక్క కమాండ్‌తో వాడేలా చేసింది. చిన్న పనేం కాదు, కానీ కింద ఉన్నదంతా కెర్నలే. 2014లో గూగుల్ కుబర్నెటీస్‌ని ఓపెన్ సోర్స్ చేసింది. వందల మెషీన్ల మీద వేల కంటైనర్లని ఎక్కడ పెట్టాలి, పడిపోతే ఎలా లేపాలి అనేది అది చూసుకుంటుంది.

మరి 32 జీబీ ర్యామ్ మాట ఎక్కడి నుంచి వచ్చింది? విండోస్‌లో గానీ మ్యాక్‌లో గానీ లైనక్స్ కంటైనర్ నడపాలంటే, డాకర్ డెస్క్‌టాప్ వెనకాల ఒక లైనక్స్ వర్చువల్ మెషీన్‌ని నడుపుతుంది. అంటే ఒక ఇంట్లో ఇంకో ఇల్లు కట్టి, అందులో ఫ్లాట్లు వేస్తున్నారన్నమాట. ర్యామ్ అంతా అక్కడికే పోతుంది. నేరుగా లైనక్స్ వేసిన మెషీన్‌లో ఆ మధ్య ఇల్లు ఉండదు. చిన్న వెబ్ సర్వర్ కంటైనర్ కొద్ది ఎంబీల్లో సరిపెట్టుకుంటుంది. మా తమ్ముడి 4 జీబీ ల్యాప్‌టాప్‌లో డెస్క్‌టాప్ లేని డెబియన్ వేశాం. పది కంటైనర్లు ఒకేసారి నడిచాయి. ఫ్యాన్ కూడా గట్టిగా తిరగలేదు.

అసలు కష్టం నెట్‌వర్క్‌లో ఉంది

కంటైనర్ వరకు చాలామంది వస్తారు. నెట్‌వర్క్ దగ్గరికి వచ్చేసరికి "అది కుబర్నెటీస్ చూసుకుంటుందిలే" అని దాటేస్తారు. నా అభిప్రాయంలో, నేర్చుకునేవాళ్లు చేసే పెద్ద తప్పు ఇదే.

పాత పద్ధతి ఇలా ఉండేది. ఊళ్లో ప్రతి సెంటర్‌లో ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్. ఎవరి జంక్షన్ వాళ్లు చూసుకుంటారు. ఒక రోడ్డు మూసేస్తే ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పాలి. రౌటర్లు, స్విచ్‌లు అలాగే ఉండేవి. ప్రతి పెట్టెలోకీ లాగిన్ అయి సెట్టింగ్ మార్చాలి. సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ నెట్‌వర్కింగ్ చెప్పింది ఒక్కటే: నిర్ణయం తీసుకునే తలకాయని, ప్యాకెట్‌ని తోసే చేతిని విడదీయండి. తలకాయ కంట్రోల్ రూమ్‌లో ఉంటుంది, చేతులు సెంటర్లలో ఉంటాయి. 2008లో స్టాన్‌ఫర్డ్ నుంచి నిక్ మెక్‌కియోన్ వాళ్ల బృందం ఓపెన్‌ఫ్లో అనే పద్ధతితో దీన్ని ముందుకు తెచ్చింది. అదే బృందంలోని మార్టిన్ కసాడో పెట్టిన నైసిరా కంపెనీ నుంచి ఓపెన్ వీస్విచ్ అనే సాఫ్ట్‌వేర్ స్విచ్ వచ్చింది. 2012లో వీఎంవేర్ ఆ కంపెనీని 126 కోట్ల డాలర్లకి కొంది. అంత డబ్బు పెట్టింది ఒక పెట్టె కోసం కాదు, పెట్టె అక్కర్లేని స్విచ్ కోసం.

క్లౌడ్‌కి ఇది ఎందుకు అవసరమైంది? మామూలు వీల్యాన్‌లో నంబర్‌కి 12 బిట్లే. అంటే వాడుకోగలిగేవి 4,094 నెట్‌వర్క్‌లు. లక్షల కస్టమర్లున్న క్లౌడ్‌కి అవి ఏ మూలకి? అందుకే వీఎక్స్‌ల్యాన్ వచ్చింది. అందులో 24 బిట్లు, కోటీ అరవై లక్షలకి పైగా నెట్‌వర్క్‌లు. పైగా వేరు వేరు మెషీన్లలో ఉన్న కంటైనర్లు, కింద నిజమైన వైర్లు ఎలా ఉన్నా, ఒకే గదిలో ఉన్నట్టు మాట్లాడుకుంటాయి. ఎలా అంటే, ఒక ప్యాకెట్‌ని ఇంకో ప్యాకెట్ అనే కవర్‌లో పెట్టి పంపిస్తారు. అవతల కవర్ చింపి లోపలిది ఇస్తారు.

ఆ కవర్ నా రెండు రోజులు తినేసింది

ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండు సర్వర్ల మధ్య ఇలాంటి నెట్‌వర్క్ నేనే వేశా. పింగ్ వెళ్తోంది. లాగిన్ పేజీ వస్తోంది. "సూపర్" అనుకుని ఇంటికెళ్లిపోయా. మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది. యూజర్లు ఫొటో అప్‌లోడ్ చేస్తే తిరుగుతూనే ఉంటుందంట. పెద్ద రిపోర్ట్ ఓపెన్ చేస్తే తెల్ల స్క్రీన్. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఏమీ లేదు. చిన్నవి వెళ్తున్నాయి, పెద్దవి వెళ్లట్లేదు.

యాప్ కోడ్ మొత్తం చదివా. డేటాబేస్ చూశా. కంటైనర్లు పదిసార్లు రీస్టార్ట్ చేశా. రెండో రోజు సాయంత్రం ఒక సీనియర్ వచ్చి ఒకే ప్రశ్న అడిగాడు: "ఎంటీయూ ఎంత పెట్టావ్?"

ఎంటీయూ అంటే ఒక ప్యాకెట్ ఎంత పెద్దగా ఉండొచ్చు అనే లెక్క. మామూలు ఈథర్‌నెట్‌లో 1,500 బైట్లు. వీఎక్స్‌ల్యాన్ కవర్‌కే 50 బైట్లు పోతాయి. కాబట్టి లోపలి ప్యాకెట్ 1,450కి మించకూడదు. నేను లోపల కూడా 1,500 వదిలేశా. చిన్న ప్యాకెట్లకి ఇబ్బంది లేదు. నిండు ప్యాకెట్ కవర్‌లో పెట్టగానే 1,550 అవుతుంది, దారిలో ఎక్కడో చప్పుడు లేకుండా పడిపోతుంది. ఒక్క నంబర్ మారిస్తే అంతా సర్దుకుంది.

తప్పు పూర్తిగా నాదే. అప్పటికి నా దగ్గర క్లౌడ్ సర్టిఫికెట్ కూడా ఉంది. ఆ పరీక్షలో ఎంటీయూ మాట ఒక్కసారి కూడా రాలేదు.

ఎర్రర్ రాదు, కానీ తలుపు తెరిచే ఉంటుంది

నా కథలో పోయింది రెండు రోజులే. ఇంకా ఖరీదైనవి ఉన్నాయి.

ఉబుంటు సర్వర్‌లో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ఆన్ చేసి, డాకర్‌లో డేటాబేస్ పోర్ట్ పబ్లిష్ చేశారనుకోండి. ఫైర్‌వాల్ స్టేటస్ చూస్తే ఆ పోర్ట్ మూసే ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి బయటి ప్రపంచానికి తెరిచి ఉంటుంది. ఎందుకంటే డాకర్ తన రూల్స్‌ని ఐపీటేబుల్స్‌లో నేరుగా రాసుకుంటుంది. ప్యాకెట్ యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్ దాకా రాకుండానే పక్క దారిలో లోపలికి వెళ్లిపోతుంది. పోర్ట్‌ని ఆ మెషీన్ వరకే, అంటే 127.0.0.1కి మాత్రమే కట్టేస్తే సరిపోతుంది. కానీ అలా కట్టాలని తెలియాలి కదా.

కుబర్నెటీస్‌లో డిఫాల్ట్‌గా ప్రతి పాడ్ మిగతా ప్రతి పాడ్‌తోనూ మాట్లాడగలదు. మీరు సరదాగా పెట్టిన టెస్ట్ పాడ్ కూడా పేమెంట్స్ డేటాబేస్ తలుపు తట్టగలదు. దీన్ని ఆపడానికి నెట్‌వర్క్ పాలసీ రాస్తారు. ఇక్కడే అసలు మెలిక ఉంది. ఆ పాలసీని అమలు చేయాల్సింది కుబర్నెటీస్ కాదు, మీరు ఎంచుకున్న నెట్‌వర్క్ ప్లగిన్. క్యాలికో, సిలియం లాంటివి అమలు చేస్తాయి. ఫ్లానెల్ ఒక్కటే వేసుకుంటే అది చేయదు. పాలసీ రాసి అప్లై చేస్తే "సరే" అంటుంది, ఎర్రర్ రాదు, ఏమీ మారదు. గేటుకి తాళం బొమ్మ గీసి నిద్రపోయినట్టు.

ఇక గోడల సంగతి. పునాది ఒకటే కాబట్టి పునాదిలో పగులొస్తే అన్ని ఫ్లాట్లకీ ప్రమాదమే. 2019 ఫిబ్రవరిలో, మళ్లీ 2024 జనవరిలో, డాకర్ కింద పనిచేసే రన్‌సీ అనే ముక్కలో లోపాలు బయటపడ్డాయి. కంటైనర్ లోపల ఉన్నవాడు బయటి మెషీన్ మీదకి రాగలిగేంత లోపాలు. అందుకే పరాయి వాళ్ల కోడ్ నడిపే కంపెనీలు కంటైనర్ చుట్టూ ఇంకో గోడ కడతాయి. అమెజాన్ ఫైర్‌క్రాకర్, గూగుల్ జీవైజర్ పుట్టింది అందుకే. "కంటైనర్‌లో ఉంది కదా, సేఫ్" అనే మాట ఎవరైనా అంటే, వాళ్లు ఫ్లాట్ తలుపు చూశారు గానీ పునాది చూడలేదని అర్థం.

ఈ మూడింటిలో ఏదీ స్క్రీన్ మీద ఎర్రగా కనిపించదు. కింద ఏం జరుగుతోందో తెలిసినవాడికే అనుమానం వస్తుంది. నేను చెప్పేది ఇదే.

పాత ల్యాప్‌టాప్‌తో ఒక వారం

మా తమ్ముడితో చేయించింది ఇదీ. మీరూ చేయొచ్చు.

మొదటి రోజు: పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ గానీ ఉబుంటు సర్వర్ గానీ వేయండి. దాని హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ పెట్టగలిగితే ఖర్చు పెట్టాల్సింది అక్కడే. వేగం తేడా వెంటనే తెలుస్తుంది.

రెండో రోజు: డాకర్ వేయకండి. అన్‌షేర్ అనే కమాండ్‌తో ఒక షెల్‌ని వేరే నేమ్‌స్పేస్‌లో నడపండి. అందులో మెషీన్ పేరు మార్చండి. బయట పేరు మారలేదని చూడండి. మీరు చేత్తో కట్టిన మొదటి గోడ అది.

మూడో రోజు: ఒక సీగ్రూప్ చేసి 100 ఎంబీ మెమరీ పరిమితి పెట్టండి. అందులో మెమరీ బాగా తినే ప్రోగ్రామ్ నడపండి. కెర్నల్ దాన్ని చంపేస్తుంది. అప్పుడు షెల్‌లో 137 అనే నంబర్ కనిపిస్తుంది. రేపు ఆఫీసులో పాడ్ పడిపోయి అదే 137 కనిపిస్తే మీకు భయం వేయదు.

నాలుగో రోజు, ఐదో రోజు: రెండు నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు చేయండి. వాటి మధ్య వీఈత్ అనే సాఫ్ట్‌వేర్ వైర్ వేయండి. తర్వాత బ్రిడ్జ్ పెట్టి మూడోదాన్ని కలపండి. పింగ్ కొట్టండి. టీసీపీడంప్ పెట్టి ప్యాకెట్ వెళ్తుంటే కళ్లారా చూడండి. డాకర్ మీ మెషీన్‌లో చేసేది సరిగ్గా ఇదే.

ఆరో రోజు: ఫ్రెండ్ ల్యాప్‌టాప్ తెచ్చుకుని రెండింటి మధ్య వీఎక్స్‌ల్యాన్ వేయండి. కావాలనే ఎంటీయూ తప్పు పెట్టి చెడగొట్టండి. నాకు రెండు రోజులు పట్టింది, మీకు అరగంటలో అర్థమవుతుంది.

ఏడో రోజు: ఇప్పుడు డాకర్ వేయండి. ఓపిక ఉంటే కే3ఎస్ అనే చిన్న కుబర్నెటీస్ వేయండి. ఈసారి ప్రతి కమాండ్ వెనక ఏం జరుగుతోందో మీకే తెలుస్తుంది.

"ఇంటర్వ్యూలో ఇవన్నీ ఎవరడుగుతారు?"

ఈ మాట తప్పకుండా అంటారని తెలుసు. కొంత నిజమే. రెజ్యూమే మీద సర్టిఫికెట్ లేకపోతే కొన్ని కంపెనీల్లో ఫోన్ కూడా రాదు. నేను సర్టిఫికెట్ వద్దు అనట్లేదు, వరస మార్చమంటున్నా. ముందు ల్యాప్‌టాప్, తర్వాత క్లౌడ్, ఆ తర్వాత పరీక్ష. అమీర్‌పేటలో కోర్సులో చేరినా తప్పు లేదు. కానీ అక్కడ చూపించే ప్రతి బటన్ దగ్గరా "ఇది కింద ఏం చేస్తోంది?" అని అడగగలిగితే కట్టిన ఫీజుకి న్యాయం జరుగుతుంది.

"మేనేజ్డ్ సర్వీస్ ఉంది, నెట్‌వర్క్ వాళ్లే చూసుకుంటారు" అనేవాళ్లూ ఉంటారు. చూసుకుంటారు, పనిచేస్తున్నంత వరకు. ఆగిపోయినప్పుడు సమస్య వాళ్ల వైపు ఉందో మన వైపు ఉందో తేల్చాల్సింది మనమే. "కాన్ఫిగ్ ఫైల్ ఏఐ రాసిచ్చేస్తుంది" అనేవాళ్లకి నా జవాబు ఇంకా సింపుల్. నిజమే, రాసిస్తుంది. కాబట్టి ఫైల్ రాయడం మాత్రమే వచ్చినవాడి విలువ తగ్గుతుంది. అది రాసిచ్చిన పాలసీ నిజంగా అమలవుతోందో లేదో చెక్ చేయగలిగినవాడి విలువ పెరుగుతుంది.

అలాగని జీవితాంతం పాత ల్యాప్‌టాప్ మీదే ఉండమనట్లేదు. వేల మంది ఒకేసారి వస్తే ఏమవుతుంది, ఒక డేటా సెంటర్ పడిపోతే ఎలా అనేవి నిజమైన క్లౌడ్‌లోనే తెలుస్తాయి. 2022 నుంచి హైదరాబాద్‌లోనే అమెజాన్ క్లౌడ్ రీజియన్ ఉంది. వాడండి. కాకపోతే మొదటి రోజే బిల్ అలర్ట్ పెట్టుకోండి. సర్వర్ ఆపేసినా నాట్ గేట్‌వే లాంటివి గంటల లెక్కన డబ్బు తింటూనే ఉంటాయి. అది ఏం చేస్తుందో మీ ల్యాప్‌టాప్‌లో చూసి వెళ్తే, అవసరం లేనప్పుడు తీసేయాలని మీకే గుర్తొస్తుంది.

మొన్న ఆదివారం మా తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు. "అన్నా, పింగ్ వెళ్తోంది కానీ ఫైల్ కాపీ ఆగిపోతోంది" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, "ఆగు ఆగు, ఎంటీయూ చూస్తా" అని పెట్టేశాడు. లక్షా ఇరవై వేలు చిన్నాన్న బ్యాంకులోనే ఉన్నాయి. ఉద్యోగం వచ్చాక, తన జీతంతో ఏ ల్యాప్‌టాప్ కొనాలో అడిగితే అప్పుడు తీరిగ్గా రివ్యూ చెప్తా.